పిట్టలు రాకముందే మంచె ఎక్కాలి

పిల్లలూ!

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. దాన్ని రాసింది పాలమూరు వైపు ఒక పల్లెలో ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి. ఆమె తమ్ముడికి నాలుగేళ్ళు. కాస్త పరుగెత్తితే చాలు, వాడికి ఆయాసం వస్తుంది. తోటి పిల్లలు గోళీలాడుతూంటే వాడు అరుగు మీద కూర్చుని చూస్తూంటాడు. ఊరికి వచ్చిన డాక్టరు వాడి గుండెకు గొట్టం ఆనించి విని, పెద్దాసుపత్రికి పంపించాడు. గుండెలో రెండు గదుల మధ్య ఉండే గోడకు పుట్టుకతోనే చిన్న రంధ్రం ఉన్నదట. హైదరాబాదు తీసుకుపోయి ఆపరేషన్ చేయించాలి.

అమ్మాయి ఇంకా ఇలా రాసింది:

"డాక్టరుగారు మా నాయినతో చెప్పినప్పుడు నేనూ, మా అవ్వా అక్కడే ఉన్నాము. కోతకు ముందు ఒక సూదిమందు ఇస్తామనీ, దానివల్ల కోసినచోట చీము పట్టదనీ, ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజులకే ఆ మందు ఆపేస్తామనీ చెప్పారు. ఇంటికొచ్చాక మా అవ్వ, 'పుండే గాకముందు మందేంది బిడ్డా? పుండైనంక రెండు దినాలకే ఎట్ల ఆపుతరు? అంతా ఉల్టా చెప్తున్నరు' అంటున్నది. నాకూ అవ్వ చెప్పిందే సరి అనిపిస్తున్నది. మోకాలు కొట్టుకుపోయాక కదా మందు రాసుకుంటాము! పొరపాటు ఎవరిది? డాక్టరుగారిదా, అవ్వదా?"

ఎంత మంచి ప్రశ్నో చూశారా? ఈ ప్రశ్నకు సరైన జవాబు తెలుసుకోవడానికి పెద్ద పెద్ద వైద్యులకే చాలా ఏళ్ళు పట్టింది. ఆ కథ చెబుతాను, వినండి.

మొదట మనం ఆపరేషన్ గదిలోకి ఒకసారి తొంగిచూద్దాము. భయపడకండి! పిల్లవాడు మత్తుమందుతో హాయిగా నిద్రపోతున్నాడు. వాడికి నొప్పి తెలియదు. గుండె ఎక్కడున్నది? రొమ్ము మధ్యనున్న పొడుగాటి ఎముక వెనకాల. తాకి చూసుకోండి, మెడ కింద గుంట దగ్గర మొదలై పొట్ట పైదాకా వస్తుంది. ఇటూ అటూ ఉన్న పక్కటెముకలను కలిపి పట్టే ఎముక అది. గుండెను చేరాలంటే వైద్యుడు ముందు చర్మం కోసి, తరవాత చిన్న రంపంతో ఆ ఎముకను నిలువునా రెండుగా చెయ్యాలి. అప్పుడు గుండె కనిపిస్తుంది. అది ఎవరి గుప్పిలి పరిమాణంలో వాళ్ళకు ఉంటుంది. నాలుగేళ్ళవాడి గుండె ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

కొట్టుకునే గుండెకు కుట్టు వెయ్యడం కష్టం. అందుకని దాన్ని కాసేపు ఆపుతారు. ఆ సమయంలో గుండె పనినీ, ఊపిరితిత్తుల పనినీ ఒక యంత్రం చేస్తుంది. అమెరికాలో జాన్ గిబ్బన్ అనే వైద్యుడు 1953 మే 6న అటువంటి యంత్రం సాయంతో ఒక యువతి గుండెలోని రంధ్రాన్ని మూసి జయం పొందాడు. ఇప్పుడు అదే పని మన హైదరాబాదులోనూ జరుగుతున్నది. ఒకప్పుడు పల్లెటూరి బీదవాళ్ళకు ఇటువంటి ఆపరేషన్ కలలోని మాట. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు, ముందుగా తీసుకున్న మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. తక్కినవి అనంతపురం, శ్రీకాకుళం. అదే ఏడు చివర నల్లగొండ జిల్లాకు కూడా అది వచ్చింది. ఆ తరవాత ఎందరో పల్లె పిల్లలు గుండె బాగుచేయించుకుని ఇళ్ళకు తిరిగివచ్చారు.

రంధ్రం మూసి, గుండెను మళ్ళీ కొట్టుకోనిచ్చి, రెండుగా చేసిన ఎముకను దగ్గరకు చేర్చి సన్నని ఉక్కు తీగెలతో బిగించి కడతారు. పైన చర్మం కుడతారు. ఇదంతా అయ్యేసరికి కొన్ని గంటలు పడుతుంది.

ఇక్కడే అసలు సంగతి ఉన్నది. అన్ని గంటలసేపు లోపలి భాగాలు తెరుచుకుని ఉంటాయి. మామూలుగా మన శరీరానికి చర్మమే కోటగోడ. అది మూసి ఉన్నంతకాలం బయటి శత్రువులు లోపలికి రాలేరు. ఆపరేషన్ రోజున మనమే ఆ గోడకు ద్వారం తెరుస్తున్నాము!

ఆ శత్రువులు ఎవరు? కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాటిలో ముఖ్యమైనదాని పేరు స్టఫైలోకోకస్. పేరు చూసి బెదరకండి. సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తుల్లా కనిపిస్తుంది కనుక, గ్రీకు భాషలో ద్రాక్షగుత్తి అని అర్థం వచ్చేటట్టు ఆ పేరు పెట్టారు. అది ఎక్కడో దూరాన ఉండదు. మన చర్మం మీదనే ఉంటుంది. సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కులో దానికి కాపురం. గోడకు బయట ఉన్నంతకాలం చాలావరకు దానివల్ల హాని లేదు. లోపలికి వచ్చిందా, సెగగడ్డ లేస్తుంది, చీము పడుతుంది.

"ఆసుపత్రిలో అంతా శుభ్రంగా ఉంచుతారు కదా!" అని మీరు అడగవచ్చు. నిజమే. అందుకు కూడా ఒక కథ ఉన్నది. 1865లో గ్లాస్గో నగరంలో పదకొండేళ్ళ కుర్రవాడి కాలి మీదనుంచి బండిచక్రం పోయింది. ఎముక విరిగి, చర్మం చీల్చుకుని పోయింది. ఆ రోజుల్లో అటువంటి గాయం తప్పకుండా కుళ్ళేది. కాలైనా తీసెయ్యాలి, ప్రాణమైనా పోవాలి. కాని జోసెఫ్ లిస్టర్ అనే వైద్యుడు కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డలతో ఆ గాయానికి కట్టుకట్టాడు. చీము పట్టలేదు! ఆరువారాలయ్యాక ఆ కుర్రవాడు తన కాళ్ళతోనే నడిచి ఇంటికి పోయాడు. సూక్ష్మజీవులను చంపితే గాయం కుళ్ళదని అప్పటినుంచి లోకానికి తెలిసింది. నేడు ఆపరేషన్ చేసేవాళ్ళు చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటారు. తొడుగులు వేసుకుంటారు. కత్తులను, కత్తెరలను ఆవిరిలో ఉంచి, సూక్ష్మజీవి ఒక్కటి కూడా మిగలకుండా చేస్తారు.

కాని కత్తిని ఆవిరిలో పెట్టినట్టు పిల్లవాణ్ణి పెట్టలేము గదా! వాడి చర్మాన్ని మందునీళ్ళతో ఎంత బాగా తుడిచినా, వెంట్రుకల మొదళ్ళలోనూ, చెమట రంధ్రాలలోనూ కొన్ని సూక్ష్మజీవులు దాక్కునే ఉంటాయి. కోత పడగానే ఒకటో అరో లోపలికి జారుతాయి.

"ఒకటీ అరా ఏం చేస్తాయిలే!" అనుకుంటున్నారా? ఒక చిన్న లెక్క చేద్దాము. ఇంట్లో జొన్నలు ఉంటే తెచ్చుకోండి. ఒక గింజ కింద పెట్టండి. అది ఒక సూక్ష్మజీవి అనుకోండి. మంచి వసతి దొరికితే అది అరగంటకల్లా రెండవుతుంది. ఇప్పుడు రెండు గింజలు పెట్టండి. మరో అరగంటకు నాలుగు. తరవాత ఎనిమిది, పదహారు, ముప్ఫైరెండు. గింజలు పెడుతూ పోండి. అయిదు గంటలు గడిచేసరికి 1,024. పది గంటలు గడిచేసరికి ఎంతో తెలుసా? 10,48,576! మీ గింజల డబ్బా ఎప్పుడో ఖాళీ అయిపోయి ఉంటుంది. నిజానికి మన రక్తంలోని తెల్లకణాలు వాటిని ఊరికే పెరగనివ్వవు, ఎక్కడికక్కడ మింగేస్తూంటాయి. కాని పెద్ద ఆపరేషన్ జరిగి శరీరం అలిసి ఉన్నప్పుడు ఆ తెల్లకణాలకూ బలం కొంత తగ్గుతుంది.

చేతికో కాలికో చీము పడితే గంటు పెట్టి తీసెయ్యవచ్చు. ఎదమీద కోతకు చీము పట్టి అది లోపలికి దిగితే, ఎముక వెనకాలే గుండె ఉన్నది! ఎముకను కట్టిన తీగెలను పట్టుకుని సూక్ష్మజీవులు తమ చుట్టూ జిగట పొర అల్లుకుంటాయి. ఆ పొరలోకి మందు దూరడం కష్టం. అప్పుడు మళ్ళీ ఎద తెరిచి శుభ్రం చెయ్యాలి. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. ప్రాణానికే ముప్పు రావచ్చు. మంచి ఆసుపత్రులలో అంత లోతుగా చీము పట్టేది నూటికి ఒకరిద్దరికే. కాని ఆ ఒకరిద్దరి ఇంట్లో ఎంత బాధ! ఆ ఒకరిద్దరిని కూడా తప్పించాలనే ఈ ప్రయత్నమంతా.

ఇప్పుడు మందు కథకు వద్దాము. 1928లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక బూజులో పెన్సిలిన్ ఉన్నదని కనిపెట్టాడు. సూక్ష్మజీవులను చంపే ఇటువంటి మందులను యాంటీబయాటిక్కులు అంటారు. తరవాత శాస్త్రజ్ఞులు ఊరూరా మట్టీ మురుగూ వెతకసాగారు. అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనాలయంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందు తీశాడు. అదే 1948లో లోకానికి వెల్లడైన ఆరియోమైసిన్. అప్పుడు ఆ పరిశోధనాలయానికి పెద్ద ఎవరనుకున్నారు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు!

ఇటలీవారి సార్డీనియా దీవిలో జుసెప్పె బ్రోట్జు అనే ఆచార్యుడు 1945లో, ఊరి మురుగునీరు సముద్రంలో కలిసేచోట మరో బూజును పట్టుకున్నాడు. దాన్ని ఆక్స్‌ఫర్డుకు పంపితే అక్కడి శాస్త్రజ్ఞులు 1953లో అందులోనుంచి సెఫలోస్పోరిన్ అనే మందును వేరుచేశారు. ఆ వంశంలో తరవాత పుట్టినదే సెఫజోలిన్. గుండె ఆపరేషన్లకు ముందు ప్రపంచమంతటా ఎక్కువగా ఇచ్చే సూదిమందు అదే. మురుగుకాలవ దగ్గర దొరికిన బూజు మనవరాలు గుండెకు కావలి కాస్తున్నదన్నమాట!

మంచి మందు దొరికింది. కాని దాన్ని ఎప్పుడు ఇవ్వాలి? అవ్వ అడిగిన ప్రశ్న ఇదే. ఒకప్పుడు చాలామంది వైద్యులు కూడా అవ్వ మాదిరే అనుకున్నారు. ఆపరేషన్ ముగిసి, పిల్లవాణ్ణి మంచం మీదికి చేర్చాక మందు మొదలుపెట్టేవారు. కొందరికి గుణం కనిపించేది, కొందరికి కనిపించేది కాదు. ఎందుకో తెలియలేదు.

1961లో బోస్టన్ నగరంలో జాన్ బర్క్ అనే వైద్యుడు ఈ చిక్కుముడి విప్పాడు. ఆయన గినీ పందులు అనే చిన్న జంతువుల చర్మంలోకి సూక్ష్మజీవులను ఎక్కించాడు. కొన్నిటికి అంతకు ముందే మందు ఇచ్చాడు. కొన్నిటికి ఆ వెంటనే ఇచ్చాడు. కొన్నిటికి గంట ఆగి, కొన్నిటికి రెండు గంటలాగి, ఇలా ఆలస్యం చేసుకుంటూ పోయాడు. ఏం జరిగింది? ముందే మందు పడ్డవాటికి గడ్డ దాదాపు రానే లేదు. ఆలస్యమైనకొద్దీ గడ్డ పెద్దదైంది. మూడు గంటలు ఆలస్యమైతే, మందు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే!

కారణం విన్నారంటే "ఓస్, ఇంతేనా!" అంటారు. మందు గాయం దగ్గరికి ఎలా వెళుతుంది? రక్తంలో కలిసి వెళుతుంది. కోతకు ముందే ఇస్తే అన్ని చోట్లకూ చేరి సిద్ధంగా ఉంటుంది. కోసిన తరవాత సన్నని రక్తనాళాలు తెగి మూసుకుపోతాయి. అక్కడక్కడ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డల్లో దాక్కున్న సూక్ష్మజీవుల దగ్గరికి మందు పోవడానికి దారి ఉండదు. దారి మూసుకుపోయాక బండి తోలితే ఏం లాభం?

గినీ పందుల సంగతి సరే, మనుషుల మాటేమిటి? 1992లో అమెరికాలోని యూటా రాష్ట్రం వైద్యులు 2,847 మంది రోగుల లెక్కలు ప్రకటించారు. వాళ్ళందరూ రకరకాల ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళు. కోతకు ముందు రెండు గంటలలోపల మందు పడ్డవాళ్ళలో వెయ్యికి ఆరుగురికి మాత్రమే గాయం చీము పట్టింది. కోత జరిగి మూడు గంటలు దాటాక మందు పడ్డవాళ్ళలో వెయ్యికి 33 మందికి పట్టింది. మరి, ఇంకా ఎంతో ముందుగా, రెండు గంటలకంటే ముందే, మందు పడ్డవాళ్ళ సంగతి? ఇంకా మేలు జరిగి ఉంటుందనుకుంటున్నారా? లేదు! వాళ్ళలో వెయ్యికి 38 మందికి చీము పట్టింది.

ఇదేమి వింత? వింత కాదు. మన మూత్రపిండాలు రక్తంలోని మందును ఎప్పటికప్పుడు వడగట్టి బయటికి పంపేస్తూంటాయి. సెఫజోలిన్ అయితే సుమారు రెండు గంటలలో సగమైపోతుంది. మరీ ముందుగా ఇస్తే, కత్తి పెట్టే వేళకు మందు పలచబడిపోతుంది. అందుకని గుండె ఆపరేషన్లలో, కోతకు ముందు గంటలోపల సెఫజోలిన్ ఇస్తారు. ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే మధ్యలో మరొక మోతాదు ఇస్తారు. ఎంత ఇవ్వాలన్నది పిల్లవాడి బరువును బట్టి లెక్కగడతారు.

ఇంతకూ ఈ మందు నిజంగా అవసరమేనా? అదీ పరీక్షించారు. కొందరికి మందు, కొందరికి మందులేని నీళ్ళు ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా ఉంచి, తరవాత లెక్క చూశారు. గుండె, రొమ్ము ఆపరేషన్ల మీద ముప్ఫై ఏళ్ళపాటు జరిగిన ఇటువంటి పరీక్షలన్నిటినీ 1992లో ఒకచోట చేర్చి చూస్తే, మందు పడ్డవాళ్ళలో గాయం చెడడం సుమారు అయిదోవంతుకు తగ్గినట్టు తేలింది. ఇంకొక సంగతి కూడా బయటపడింది. రెండు రోజులు దాటి మందు ఇస్తూ పోయినా అదనంగా లాభమేమీ లేదు!

ఇప్పుడు మన అవ్వ దగ్గరికి వెళదాము.

అవ్వది జొన్నలు పండే సీమ. జొన్న పాలుపోసుకునే వేళకు చేలో మంచె వేస్తారు, చూశారు కదూ? తెల్లవారకముందే ఎవరో ఒకరు వడిసెల పట్టుకుని మంచె ఎక్కుతారు. ఎందుకు? తెల్లవారగానే పిట్టలు వాలతాయి కనుక. "పిట్టలు వచ్చి తినిపోనీ, అప్పుడు ఎక్కుతాను" అని అవ్వ ఎన్నడైనా అన్నదా? అనదు. ముందురోజు మధ్యాహ్నమే ఎక్కి, తెల్లవారేసరికి నిద్రలో జోగితే? అదీ పనికిరాదు. ఎండెక్కినకొద్దీ చేతిలో రాళ్ళు అయిపోతే మళ్ళీ ఏరి తెచ్చుకోవాలి. ఇక కంకులు కోసి, గింజ ఇంటికి చేరాక? ఖాళీ చేలో మంచె మీద కూర్చుని వడిసెల తిప్పుతారా ఎవరైనా?

ఆపరేషన్‌కు ముందు ఇచ్చే మందు సరిగ్గా ఈ కావలి వంటిదే. పిట్టలు రాకముందే మంచె ఎక్కడమంటే, కోతకు ముందు గంటలోపల ఇచ్చే సూది. రాళ్ళు అయిపోతే మళ్ళీ తెచ్చుకోవడమంటే, నాలుగు గంటలకు ఇచ్చే రెండో మోతాదు. గింజ ఇంటికి చేరడమంటే, కోత మూసుకోవడం. కుట్టిన చర్మం అంచులు ఒకటి రెండు రోజుల్లో అతుక్కుంటాయి. కోటగోడ మళ్ళీ మూసుకున్నది. ఇక కావలివాడికి పని లేదు.

"పని లేకపోతే మానె, ఉంచితే నష్టమేమిటి?" అని అవ్వ అడుగుతుంది. అడగనీయండి, మంచి ప్రశ్నే. చేలో దిష్టిబొమ్మను ఏడాది పొడుగునా అలాగే ఉంచితే ఏమవుతుంది? పిట్టలకు భయం పోతుంది. ఆఖరికి కాకి వచ్చి ఆ బొమ్మ నెత్తిమీదే వాలుతుంది. మందు సంగతీ అంతే. ఐతే ఒక్క తేడా ఉన్నది, గుర్తుంచుకోండి. పిట్టలు నేర్చుకుంటాయి. సూక్ష్మజీవులు నేర్చుకోవు. కోట్ల కొద్దీ సూక్ష్మజీవులలో మందుకు లొంగనిది ఎక్కడో ఒకటి పుట్టి ఉంటుంది. మందు వాడినకొద్దీ లొంగేవి చచ్చిపోతాయి. లొంగనిది ఒక్కటే మిగిలి, చోటంతా తనదై, మనం జొన్నగింజలతో చూసిన లెక్క ప్రకారం పెరుగుతుంది. రేపు నిజంగా జబ్బు చేసిన రోజున ఆ మందు పనిచెయ్యదు.

ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. ఫ్లెమింగే 1945లో నోబెల్ బహుమానం అందుకున్నప్పుడు ఈ ప్రమాదం గురించి హెచ్చరించాడు. పెన్సిలిన్‌కు లొంగని స్టఫైలోకోకస్ కోసం 1959లో మెథిసిలిన్ అనే కొత్త మందు వచ్చింది. 1961కల్లా దానికీ లొంగని రకం ఇంగ్లండులో కనిపించింది! కనుక మిగిలిపోయిన మాత్రలు దాచుకుని వాడడం, జలుబు చేసిందని దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కోవడం, "మా వాడికి పనిచేసింది" అని పక్కింటివాళ్ళకు ఇవ్వడం మంచిది కాదు.

ఇక్కడ పెద్దవాళ్ళకు ఒక మాట. రెండు రోజులలో ఆపేది, జబ్బు రాకుండా కావలిగా ఇచ్చే మందును మాత్రమే. జబ్బు వచ్చాక దాన్ని నయం చెయ్యడానికి ఇచ్చే మందు వేరు. దాన్ని డాక్టరు చెప్పినన్ని రోజులు, చెప్పినట్టు వాడవలసిందే. మధ్యలో మనంతట మనం ఆపకూడదు.

అమ్మాయీ, నీ ప్రశ్నకు జవాబు దొరికింది కదా? డాక్టరుగారు పొరపడలేదు. అవ్వ కూడా తెలివితక్కువది కాదు. జవాబు ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. అది చేలోనే కాదు, మందులోనూ పనికివస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ మాట నువ్వు చెప్పు.

ఇక తమ్ముడి కోసం నువ్వు చెయ్యగల పనులు కొన్ని ఉన్నాయి. కావలివాడు ఒక్కడే ఉంటే చాలదు, కంచె కూడా గట్టిగా ఉండాలి.

ఆసుపత్రికి పోయేముందు తమ్ముడి ఒంటి మీద గజ్జి, సెగగడ్డ, పుండు ఏమైనా ఉన్నాయేమో చూడు. జ్వరం, దగ్గు, పుచ్చిన పన్ను ఉన్నా నాయినతో చెప్పి డాక్టరుకు తెలియజెయ్యి. ఇదివరకు ఏ మందు వేస్తేనైనా వాడికి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయా? ఊపిరి ఆడక బాధపడ్డాడా? అది తప్పకుండా చెప్పాలి. పెన్సిలిన్, సెఫజోలిన్ వంటివి కొద్దిమందికి పడవు. అటువంటివాళ్ళకు వేరే మందు ఇస్తారు. ఆపరేషన్ ముందురోజూ, ఆ రోజు ఉదయమూ ఆసుపత్రివాళ్ళు చెప్పినట్టు ఒంటికి బాగా సబ్బు రాసి స్నానం చేయించాలి.

ఆపరేషన్ అయ్యాక తమ్ముణ్ణి తాకేముందు ఎవరైనా సరే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అత్తమ్మ అయినా, మేనమామ అయినా, ఊరి పెద్ద అయినా ఇదే నియమం. చూడవచ్చే చుట్టాలందరికీ నీళ్ళూ సబ్బూ అందించే పని నువ్వు తీసుకో. చిన్న పని అనుకోకు. లిస్టరు చేసిన పని అదే!

ఇంటికి వచ్చాక కోత మీద పసుపు, బూడిద, నూనె, ఆకు పసరు ఏవీ పెట్టనివ్వవద్దు. అవ్వ ప్రేమకొద్దీ పెట్టబోతుంది. నెమ్మదిగా చెప్పి ఆపు. దురదపెట్టినా వాడు గోకకుండా గోళ్ళు కత్తిరించి ఉంచు. కట్టిన ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అన్నాళ్ళూ వాణ్ణి చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు. ఒక చెయ్యి వీపు కిందా, ఒక చెయ్యి పిరుదుల కిందా పెట్టి ఎత్తుకోవాలి.

కోతచోట ఎర్రబడినా, వాచినా, చీమో నీరో కారినా, జ్వరం వచ్చినా, కదిలినప్పుడు రొమ్ము ఎముక దగ్గర టిక్కుమని చప్పుడైనా, "రేపు చూద్దాంలే" అనుకోకూడదు. ఆ రోజే ఆసుపత్రికి కబురు చెయ్యాలి. పాలమూరునుంచైనా, నల్లగొండనుంచైనా హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్లే. సూక్ష్మజీవులు మాత్రం మంచి వసతి దొరికితే అరగంట అరగంటకూ రెండింతలయ్యేవి. జొన్నగింజల లెక్క మరిచిపోకు.

పెద్దవాళ్ళు పంటి వైద్యుడి దగ్గరికి వాణ్ణి తీసుకువెళ్ళినప్పుడల్లా, గుండెకు ఆపరేషన్ అయిందని ముందుగా చెప్పాలి. పంటికి చికిత్స చేసేముందు కూడా కొందరికి కావలి మందు ఒక మోతాదు కావలసివస్తుంది. ఎవరికి కావాలో గుండె డాక్టరు చెబుతాడు.

ఇన్నాళ్ళూ అరుగు మీద కూర్చుని చూసినవాడు ఇక అరుగు దిగి గోళీలాడాలి. ఆ రోజు వచ్చాక మాకు మరొక ఉత్తరం రాయి. వాడు ఎన్ని గోళీలు గెలిచాడో కూడా రాయి. ఇది చదివే పిల్లలందరూ దానికోసం ఎదురుచూస్తూంటారు.

తక్కిన పిల్లలూ! మీ అవ్వకో, తాతకో ఈ మంచె కథ చెప్పి చూడండి. వాళ్ళు ఒప్పుకోకుండా ఏ ప్రశ్న వేశారో మాకు రాయండి. మంచి ప్రశ్నకు వచ్చే నెల జవాబు చెప్పుకుందాము.